సముద్రం సరే, మరి సరస్సు సంగతేమిటి?



మత్స్యకారుల మాట వచ్చినప్పుడల్లా ప్రభుత్వాలకు సముద్రమే గుర్తుకొస్తుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక అది అవసరమే. 2019లో రూ.10,000గా ఉన్న నిషేధ భృతి 2025లో రూ.20,000 అయింది. సంతోషం.

కానీ మన తడ ప్రాంతంలో చాలామంది బతుకు పులికాట్ సరస్సు మీద ఆధారపడి ఉంది. ప్రళయకావేరి అని పెద్దలు పిలిచిన ఈ సరస్సు, ఉప్పునీటి సరస్సుల్లో చిలికా తర్వాత దేశంలో పెద్దది. రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు ముఖద్వారం గుండా సరస్సులోకి వచ్చి పెరుగుతాయి. రాయదొరువు, కొండూరుపాళెం ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే ఆ దారి మూసుకుపోయినట్టే. ఎండాకాలంలో నీరింకి పడవలు బురదలో నిలబడిపోతాయి. మా దృష్టిలో ఇదీ వేట నిషేధమే. భృతి లెక్క మాత్రం సముద్రపు తేదీలకే గాని దీనికి కాదు.

ఒడిశా 1991లో చిలికా అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేసింది. 2000లో కొత్త ముఖద్వారం తవ్వాక అక్కడ చేపలు, రొయ్యలు, పీతలు మళ్లీ పెరిగాయి. తవ్వినా ఇసుక మళ్లీ మేట వేస్తుంది కదా అనేవారున్నారు. నిజమే. అందుకే ఒక్క టెండరుతో చేతులు దులుపుకోకుండా, ఏటా కనిపెట్టి చూసే సంస్థ కావాలి. సరస్సు రెండు రాష్ట్రాలది కనుక తమిళనాడు కూడా అందులో ఉండాలి.

ఇంకో మాట. సరస్సు దక్షిణ కొసన పళవేర్కాడు కుప్పాల్లో 'పాడు' అనే పాత ఆచారం ఉంది. రొయ్యల వలలు వేసే చోట్లను వంతులవారీగా పంచుకుంటారు. మంచి చోటు ఎప్పుడూ ఒకరిదే కాకుండా ఉంటుంది. ఎంతో గొప్ప పద్ధతి. అయితే ఆ వంతు కులాన్ని బట్టి వస్తుంది. నీళ్లలో చేతులతో తడిమి రొయ్యలు పట్టే గిరిజనులకు, దళితులకు, ఆడవాళ్లకు అందులో చోటు లేదు.

మన వైపు కూడా పడవ లేని యానాది కుటుంబాలు ఇలాగే చేతివేటతో బతుకుతున్నాయి. రేపు ఎంత మంచి విధానం వచ్చినా, పడవ ఉన్నవాడే మత్స్యకారుడంటే వీళ్లు జాబితాకు ఎక్కరు. కులాన్నీ పడవనూ కాదు, చేసే పనిని చూసి జాబితా రాయాలి. హాస్టల్లో గరిటె పట్టినవాడు వరుసలో చివరివాడి కంచం కూడా చూడాలని మనకు తెలుసు. సరస్సుకూ అదే న్యాయం.

ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలకు, అక్కలకు మా విన్నపం ఒక్కటే. సంక్రాంతి సెలవుల్లో మేము ఊరూరా తిరిగి చేతివేట కుటుంబాల పేర్లు రాస్తాం. ఆ కాగితాన్ని అధికారుల దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు మా వెంట రండి.