‘అనుకోని ఖర్చు’ ఎవరికి అనుకోనిది?

ఏప్రిల్ దగ్గర పడుతోందంటే సంస్థల్లో ప్రాజెక్టు బడ్జెట్ల హడావిడి మొదలవుతుంది. జీతాలు, శిక్షణలు, అద్దె, ప్రయాణాలు అన్నీ రాశాక చివరి వరసలో ‘అనుకోని ఖర్చులు’ అనే పద్దు ఒకటి మిగులుతుంది. సాధారణంగా 5 శాతం, మహా అయితే 10. దాతలు బేరం మొదలుపెట్టగానే ముందు కత్తెర పడేది దానిమీదే. మనమూ పెద్దగా పట్టుబట్టం.

అసలు ఆ పద్దులో ఏం పడుతున్నాయి? హింసకు గురైన స్త్రీలతో పనిచేసే ఏ సంస్థ ఓచర్లు తిరగేసినా ఇంచుమించు ఇవే కనిపిస్తాయి: రాత్రిపూట ఆటో, పిల్లలకు పాలూ అన్నం, కట్టుబట్టలతో వచ్చినామెకు చీర, మందులు, జిరాక్సులు, వాయిదా పడ్డ కేసుకి మళ్లీ కోర్టుకు ప్రయాణం. వీటిలో అనుకోనిది ఏది? గృహహింస నిరోధక చట్టం (2005) ప్రకారం మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో దరఖాస్తును తేల్చడానికి మేజిస్ట్రేటు ప్రయత్నించాలి. బడ్జెట్ రాసేటప్పుడు ఆ 60 రోజులనే నమ్ముకుని రెండు మూడు ప్రయాణాలు వేస్తాం. అది ఎన్నాళ్లు సాగుతుందో కోర్టు మెట్లెక్కిన ప్రతి కార్యకర్తకీ తెలుసు. 2015లో మొదలైన సఖి కేంద్రాల్లో తాత్కాలిక వసతి 5 రోజులకే. ఆరో రోజు ఆమె ఎక్కడ ఉండాలి? ఏ ఊరి నుంచి, ఏ రాత్రి వస్తుందో తెలియకపోవచ్చు గానీ, ఆమె వస్తుందన్నది మనకు తెలియని సంగతి కాదు.

డబ్బు లేదని పని ఆగదు. కార్యకర్త తన పర్సు తీస్తుంది. ఆమె చాలాసార్లు దళిత స్త్రీ, ఒంటరి స్త్రీ, సంస్థలో అందరికంటే తక్కువ జీతం తీసుకునే మనిషి. ఆటోవాడు రసీదు ఇవ్వడు కాబట్టి ఆ డబ్బు ఆమెకు తిరిగి రాదు. దీనికి మనం అంకితభావం అని పేరు పెట్టుకున్నాం. ఇంటిచాకిరీకి విలువ కట్టరేమని ప్రభుత్వాన్ని నిలదీసే మనం, మన ఆఫీసు లెక్కల్లో ఈ డబ్బు ఎక్కడుందో చూపించగలమా?

ఈ విద్య ఆడవాళ్లకు కొత్తేమీ కాదు. పోపుల డబ్బాలో దాచింది ఎందుకో ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. (2016 నవంబర్ 8న పెద్ద నోట్లు రద్దయినప్పుడు ఎన్ని డబ్బాలు మగవాళ్ల ఎదుట బోర్లించాల్సి వచ్చిందో మరిచిపోలేం.) ఇంట్లో ఇంత జాగ్రత్తగా ఉండే మనం ప్రాజెక్టు దగ్గర దాత ఇచ్చిన నమూనా కాగితాన్ని దాటి ఆలోచించం.

విదేశీ నిధులు తీసుకునే సంస్థలకు ఇది మరింత ఇరుకైన వ్యవహారం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి దించింది. అందిన నిధిని మరో సంస్థకు బదిలీ చేయడాన్నీ నిషేధించింది. చిన్న సంఘాన్ని పెద్ద సంస్థ ఆదుకునే దారి అలా మూసుకుపోయింది. పేరు లేకుండా వదిలేసిన ఖర్చు ఆడిట్‌లో పాలనా ఖర్చు కింద జమపడే ప్రమాదమూ ఉంది.

అందుకని గత రెండేళ్ల ఓచర్లు ముందు వేసుకుని, కార్యకర్తల్ని కూర్చోబెట్టుకుని, వాళ్లు అడగకుండా వదిలేసిన ఖర్చులతో సహా రాయాలి. ఏటా వచ్చేవాటికి సొంత పద్దు ఉండాలి: రాత్రి ప్రయాణం, పిల్లల సంరక్షణ, అత్యవసర వసతి, అదనపు వాయిదాలు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి స్త్రీలకు ఆర్టీసీ బస్సులు ఉచితమయ్యాయి. అక్కడ మిగిలింది దాతకు వదులుకోకుండా ఆటోల పద్దుకు మార్చమని అడగాలి. ఇవన్నీ తీసేశాక మిగిలేదే నిజంగా అనుకోనిది. 2014 హుద్‌హుద్ తుఫాను, 2020 లాక్‌డౌన్ లాంటివి. 5 శాతం దానికి.

ఖర్చుపెట్టే అధికారం కూడా తేల్చుకోవాలి. అర్ధరాత్రి డైరెక్టరు సంతకం దొరకదు. ఇంత మొత్తం వరకు కార్యకర్తే నిర్ణయించి, మర్నాడు కారణం రాసి, రసీదు లేనిచోట తన సంతకంతో ఓచరు పెట్టవచ్చని కమిటీ ముందే తీర్మానించుకోవాలి.

అప్పటికీ కోత తప్పదని దాత అంటే, కేసుల సంఖ్యా తగ్గించి రాయవలసిందే. 40 మందికి సరిపోయే డబ్బుతో 60 మంది అని ఒప్పుకుని సంతకం పెట్టినప్పుడు, మిగతా 20 మంది ఖర్చు ఎవరి పర్సులోంచి వస్తుందో సంతకం పెట్టేవాళ్లకు తెలుసు.