కార్లు రాని దారి గురించి పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు,

చదువుకనో ఉద్యోగానికనో పిట్స్‌బర్గ్ చేరిన మన పిల్లలు పెన్‌హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడిలో కనబడినప్పుడల్లా ఒక మాట అంటుంటారు: "సైకిలైతే కొన్నాం అంకుల్, తొక్కడానికి చోటేదీ? రోడ్డెక్కితే ట్రక్కులు, పేటలో తిరిగితే నిలువు మిట్టలు." మీ మాట నిజమే. ఈ ఊరి రోడ్ల మీద మిమ్మల్ని తొక్కమని నేను చెప్పను, నా మనవలకీ చెప్పను. అయితే మీరు రోజూ దాటే నదుల పక్కనే, పాయింట్ పార్కు దగ్గర మొదలై మేరీలాండ్‌లోని కంబర్లాండ్ దాకా 150 మైళ్ళు సాగే దారి ఒకటుంది. దాని పేరు గ్రేట్ అలిఘెనీ పాసేజ్. మోటారు బండ్లకు అందులో ప్రవేశం లేదు. ఒకటి రెండు ఊళ్ళలో కాసేపు వీధుల వెంట పోవాలి, అక్కడక్కడ పల్లె రోడ్డును అడ్డంగా దాటాలి, అంతే. ఇన్నేళ్ళుగా ఇక్కడుంటున్న మన వాళ్ళలో ఎంతోమందికి ఆ దారి ఉందనే తెలియదు. అందుకే అందరికీ కలిపి ఈ ఉత్తరం.

ఆ దారి పాత రైలు కట్ట. పట్టాలూ స్లీపర్లూ తీసేశాక మిగిలిన కట్ట మీద, ఊరు దాటినప్పటి నుంచీ, సున్నపురాయి పొడి పరిచి రోలరుతో తొక్కించారు. వాన కురిసి ఆరేకొద్దీ అది పేడతో అలికిన వాకిలిలా గట్టిపడుతుంది. దాని మీద 35 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వెడల్పున్న టైర్లుంటే హాయిగా పోవచ్చు. వేల డాలర్ల గ్రావెల్ బైకు కొనమని దుకాణం వాడు చెబితే వినకండి. గేర్లు సరిగా పడే పాత సైకిలు, ఒక అదనపు ట్యూబు, పంపు, బెల్లు. ఇంతకన్నా ఆ దారి ఏమీ అడగదు.

ఆ దారి సాగే కొండ ప్రాంతాన్ని లారెల్ హైలాండ్స్ అంటారు, అక్కడంతా మిట్టా పల్లమే. మొక్కజొన్న చేను మిట్ట ఎక్కుతుంది, అవతల ఆవులు మేసే బీడు లోయలోకి దిగుతుంది, మళ్ళీ మిట్ట. కారు రోడ్డు వాటన్నిటినీ ఎక్కి దిగుతుంది. ఆవిరి ఇంజను అలా ఎక్కలేదు. ఇనుప చక్రానికి ఇనుప పట్టా మీద పట్టు తక్కువ, వంద అడుగుల దూరానికి రెండడుగులు లేచినా దానికి భారమే. అందుకని అక్కడ లైను వేసిన వెస్టర్న్ మేరీలాండ్ రైల్వే ఇంజనీర్లు మిట్ట వచ్చినచోట కోశారు, పల్లం వచ్చినచోట మట్టి పోశారు, లోయకు వంతెన వేశారు, కొండను తొలిచారు. బొగ్గు బండ్ల కోసం వాళ్ళు పడ్డ ఆ పాటంతా ఇవాళ డెబ్బై దాటిన నాకూ, పోయిన నెలలో సైకిలు నేర్చుకున్న అమ్మాయికీ ఒకేలా దక్కింది. కంబర్లాండ్ వైపు నుంచి వస్తే మొదటి ఇరవై నాలుగు మైళ్ళలో దాదాపు 1,750 అడుగులు ఎక్కుతారు. చెమట పడుతుంది గానీ దిగి నెట్టాల్సిన మిట్ట ఒక్కటీ రాదు. మన ఊరి నుంచి బయలుదేరితే నూట ఇరవై మైళ్ళకు పైగా ఎక్కుతూనే ఉంటారు, చాలాచోట్ల ఎక్కుతున్న సంగతే తెలియదు.

పైకి చేరాక 2,392 అడుగుల ఎత్తున జలవిభజన రేఖ వస్తుంది. అక్కడ తప్పకుండా ఆగండి. దానికి తూర్పున కురిసిన వాన పొటోమాక్ నదిలో కలిసి చెసపీక్ అఖాతానికి పోతుంది. పడమట కురిసింది కాసెల్‌మన్, యాకగేనీ, మనాంగహేలా, ఒహయో, మిసిసిపి నదులన్నీ దాటుకుని మెక్సికో సింధుశాఖకు చేరుతుంది. పటంలో చదివినదాన్ని మీ కాళ్ళతో ఎక్కి చూడటం వేరు. ఆ రేఖకు కాస్త కిందగా తూర్పున బిగ్ సావేజ్ సొరంగం, 3,294 అడుగుల పొడవు. లోపల దీపాలుంటాయి, ఎండాకాలంలోనూ చలేస్తుంది. అవతలి నోటి దగ్గర మేరీలాండ్ కొండలు వరుసమీద వరుసగా ఒక్కసారి కనబడతాయి. ఇవతలి వైపు మేయర్స్‌డేల్ ఊరు దాటాక కాసెల్‌మన్ లోయ మీద సాల్స్‌బరీ వయాడక్ట్, 1,908 అడుగుల వంతెన. దాని నడుమ నిలబడితే కింద పొలాలు, హైవే, నది, రైలు పట్టాలు, ఎదురు కొండల మీద గాలిమరలు. ఆ వంతెన మీద ఫోటో తీసుకుని అయిదు నిమిషాల్లో కదిలిపోయే పిల్లలను చూస్తే నాకు బాధేస్తుంది. అరగంట కూర్చోండి.

ఆ దారి అందాన్ని మాత్రమే చూసి తిరిగి రాకండి. వెస్ట్ న్యూటన్ అనే ఊరికి ఎగువన, యాకగేనీ ఒడ్డున, వాన్‌మీటర్ అనే చోట ఒక చారిత్రక ఫలకం ఉంది. 1907 డిసెంబరు 19న అక్కడి డార్ బొగ్గుగనిలో పేలుడు జరిగి 239 మంది పోయారు. చాలామంది తూర్పు ఐరోపా పల్లెల నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు, ఇంగ్లీషు సరిగా రానివాళ్ళు. ఆ రోజు వాళ్ళ క్యాలెండరు ప్రకారం సెయింట్ నికొలస్ పండుగ, పని మానుకుని చర్చికి వెళ్ళినవాళ్ళు బతికిపోయారు. ఇంకా ఎగువన కానల్స్‌విల్ చుట్టూ ఒకప్పుడు బొగ్గును కోక్‌గా మార్చే గుమ్మటపు బట్టీలు వేలల్లో ఉండేవి. ఆ కోక్‌తో తీసిన ఇనుమును ఉక్కుగా మార్చిన హోమ్‌స్టెడ్ కార్ఖానా మన ఊరి అంచునే ఉండేది. 1892 జులై 6న సమ్మెలో ఉన్న కార్మికులకూ, యాజమాన్యం పడవల్లో దింపిన పింకర్టన్ కాపలాదళానికీ తుపాకుల పోరాటం జరిగిన పంప్‌హౌస్ ఇప్పటికీ దారి పక్కనే నిలబడి ఉంది. మీలో కొందరు చదివే విశ్వవిద్యాలయానికి ఎవరి పేరుందో, ఆ కార్నెగీదే ఆ కార్ఖానా. మనమూ సముద్రం దాటి పనికోసం వచ్చినవాళ్ళమే. మన కన్నా ముందు వచ్చి మనకన్నా ఎంతో ఎక్కువ చెల్లించినవాళ్ళ నేల మీదుగా తొక్కుతున్నామని తెలిసి తొక్కండి. కారులో డెబ్బై మైళ్ళ వేగంతో పోతే ఆ ఫలకాలు కనబడవు.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న సంగతి. ఈ దారి దానంతట అది మిగల్లేదు. 1975లో వెస్టర్న్ మేరీలాండ్ రైల్వే తన మార్గాన్ని వదిలేసింది. రైలు ఆగిన కట్ట ఎంత తొందరగా మాయమవుతుందో మన దేశంలోనూ చూశాం: ఒకరు దున్నుకుంటారు, ఒకరు కంచె వేస్తారు, వంతెన ఇనుము తుక్కు బేరానికి పోతుంది. మధ్యలో ఒక మైలు పోతే అటు యాభై మైళ్ళూ ఇటు యాభై మైళ్ళూ రెండు వేరు వేరు ముక్కలైపోతాయి. ఆ ముప్పును కనిపెట్టినవాళ్ళు కొందరున్నారు. ఫాలింగ్‌వాటర్ అనే పేరున్న ఇంటిని కాపాడుతున్న వెస్టర్న్ పెన్సిల్వేనియా కన్సర్వెన్సీయే, దారిలోని ఒహయోపైల్ ఊరి దగ్గరి కట్టను కొని రాష్ట్రానికి అప్పగించింది. 1986లో ఒహయోపైల్ నుంచి కాన్‌ఫ్లుయెన్స్ వైపు తొలి ముక్క తెరిచారు. ఊరూరా సంఘాలు పుట్టాయి, 1995లో అలాంటివి ఏడు కలిసి ఒక కూటమి అయ్యాయి. తూములు బాగుచేశారు, వంతెనలకు కొత్త పలకలు వేశారు, కూలిపోతున్న సొరంగాన్ని నిలబెట్టారు. పిట్స్‌బర్గ్ దగ్గర మిగిలిన ఆఖరి ముక్క 2013లో గానీ పూర్తికాలేదు. తొలి ముక్క తెరిచిననాడు పుట్టిన పిల్లకు ఆనాటికి ఇరవై ఏడేళ్ళు. ఒక్కొక్క భూస్వామితో, ఒక్కొక్క కౌంటీతో మాట్లాడి ఒప్పించడంలోనే అన్నేళ్ళు గడిచాయి.

చట్టం కూడా తోడొచ్చింది. రైల్వే వదులుకునే మార్గాన్ని చెల్లాచెదురు కానివ్వకుండా, మళ్ళీ ఎప్పుడైనా రైలు అవసరమైతే తిరిగి ఇచ్చే షరతు మీద, అప్పటిదాకా నడకకూ సైకిలుకూ వాడుకోవచ్చని 1983లో ఇక్కడ చట్టసవరణ చేశారు. అమెరికా అంతటా ఎన్నో పాత రైలు కట్టలు అలా బతికాయి.

కంబర్లాండ్ దగ్గర దారి ఆగిపోదు. అక్కణ్ణుంచి పాత సి అండ్ ఓ కాలువ గట్టు 184.5 మైళ్ళు వాషింగ్టన్ దాకా పోతుంది. ఒకప్పుడు కంచరగాడిదలు పడవలను లాగుతూ నడిచిన గట్టు అది. మట్టీ కంకరా కలిసిన నేల, వాన పడితే బురద, కాబట్టి మొదటిసారికి అక్కడికి పోవద్దు. దాన్ని కారు రోడ్డుగా మార్చాలని ఒక దశలో ఆలోచన సాగింది, వాషింగ్టన్ పోస్ట్ పత్రిక దాన్ని సమర్థిస్తూ సంపాదకీయం రాసింది. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్, రాసినవాళ్ళను తనతో ఆ గట్టు వెంట నడవమని పిలిచి, 1954 మార్చిలో కాలువ పొడవునా నడిచాడు. పత్రిక తన అభిప్రాయం మార్చుకుంది. 1971లో ఆ కాలువ జాతీయ చారిత్రక పార్కు అయింది.

జాగ్రత్తలు కొన్ని చెప్పాలి, విసుక్కోకండి. ఒహయోపైల్‌లో యాకగేనీ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, రాళ్ళ మీద నురగ, జలపాతం. ఆ నీళ్ళలోకి దిగొద్దు. ఈ దేశంలో నదుల్లో జలపాతాల్లో మునిగిపోయిన మన పిల్లల వార్తలు వింటుంటే ఆ తల్లిదండ్రుల ముఖాలే కళ్ళముందు ఆడతాయి. తెప్పల మీద వెళ్ళాలనుంటే లైఫ్ జాకెట్టూ గైడూ ఉన్నవాళ్ళతోనే వెళ్ళండి. కాసెల్‌మన్ లోయలో చాలాదూరం ఫోను సిగ్నలు ఉండదు, ఎక్కడినుంచి ఎక్కడికి పోతున్నారో ముందే ఇంట్లో ఒకరికి చెప్పండి. ముందున్నవాళ్ళను దాటేటప్పుడు బెల్లు కొట్టి, "ఆన్ యువర్ లెఫ్ట్" అని చెప్పి, ఎడమవైపు నుంచి దాటండి. శాకాహారులకు తిండి దొరకడం కష్టం, గుడి పులిహోర ఒక పొట్లం కట్టించుకుంటే సాయంత్రం దాకా ఇబ్బంది లేదు. అయినా రాత్రికి ఊళ్ళోనే బస చేసి, అక్కడే టిఫిను తినండి. గనులూ కార్ఖానాలూ మూతపడ్డాక ఆ చిన్న ఊళ్ళు సైకిలు మీద వచ్చేవాళ్ళ మీదే కొంత ఆధారపడి ఉన్నాయి. మొత్తం దారిని ఒక్కరోజులో కొట్టెయ్యాలని పందేలు వేసుకోకండి. మూడు నాలుగు రోజులు పెట్టుకోండి.

సెలవులకు ఇంటికి వెళ్ళే పిల్లల్లో గోదావరి జిల్లాల వాళ్ళుంటే వాళ్ళకొక పని. మా రాజమండ్రిలో 1900లో రైళ్ళు మొదలైన హేవలాక్ వంతెన మీద 1997లో రైళ్ళు ఆగాయి. దాన్ని నడిచేవాళ్ళకు తెరవాలన్న మాట ఎన్నో ఏళ్ళుగా నలుగుతోంది. నడకతోపాటు సైకిలు మాట కూడా చేర్చి, సాల్స్‌బరీ వయాడక్ట్ ఫోటోలు చూపించి, ఇక్కడ ఏ పని ఎవరు చేశారో, ఎన్నేళ్ళు పట్టిందో అక్కడి పెద్దలకు వివరంగా చెప్పండి. ఏ అధికారి దగ్గరకు వెళ్ళాలో తెలియకపోతే నాకు రాయండి, తెలిసినవాళ్ళను అడిగి కనుక్కుంటాను. ఇక్కడ ఉండిపోయేవాళ్ళు వసంతంలో ఆ దారి సంఘాలు పిలిచే శ్రమదానానికి ఒక శనివారం ఇవ్వండి. చలికాలం గాలికి పడ్డ కొమ్మలు తీయాలి, తూముల పూడిక తీయాలి. నెరిసిన తలలే ఎక్కువ కనబడుతున్నాయి అక్కడ, మీ చేతులు కావాలి.

బిగ్ సావేజ్ సొరంగం తలుపులు చలికాలమంతా మూసి ఉంటాయి, ఏప్రిల్‌లో తెరుస్తారు. అంతకుముందే వెళ్ళాలనిపిస్తే ఒహయోపైల్ నుంచి కాన్‌ఫ్లుయెన్స్ దాకా పది మైళ్ళు వెళ్ళి రండి, తొలిసారికి అది చాలు. సొరంగం తెరిచాక మేయర్స్‌డేల్ నుంచి ఫ్రాస్ట్‌బర్గ్ దాకా వెళ్ళండి. సైకిలు లేనివాళ్ళు మొహమాటపడకండి, మా గ్యారేజీలో రెండున్నాయి, గాలి కొట్టించి పెడతాను. ఒకటి పొట్టివాళ్ళకు సరిపోతుంది.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన
పిట్స్‌బర్గ్