ఇంటివారి చిత్రములు – లోకుల కన్నులు

ఛాయాగ్రహణము నేర్చువాడు మొట్టమొదట కెమేరా యెదుట నిలుపునది సాధారణముగా తన యింటివారినే. తల్లి, భార్య, బిడ్డలు సర్వదా దగ్గరనుందురు, కూలి యడుగరు, కదలవద్దన్న కదలరు. ఇందు దోషమేమియు లేదు. కాని యింటి గోడకై తీసిన చిత్రము ప్రదర్శనశాలకును, పుస్తకమునకును, నేడు చేతిఫోను ద్వారా లోకమునకంతకును పోవునప్పుడు అందున్నవారి యనుమతి నెవ్వరడిగిరి? ఈ ప్రశ్నను మా పాఠకుల యెదుట నుంచదలచితిమి.

ఇది మాకు పుస్తకములవలన కలిగిన ప్రశ్న కాదు. మా విద్యార్థినులలో నొకతె తండ్రి ఛాయాగ్రాహకుడు. ఆమె జ్వరముతో నేడ్చుచుండగా నాయన తీసిన చిత్రమునకు బహుమానము వచ్చెను. చూచినవారందరు శ్లాఘించిరి. ఆ బాలిక మాత్రము కొన్ని దినములు బడికి రాలేదు. "చిత్రము చక్కగానే యున్నదండి, కాని యది నా యేడుపు" అని యామె మాతో ననెను. ఆ మాటకు మాకు ప్రత్యుత్తరము తోచలేదు.

పూర్వులు ఈ మర్యాదను ఎరుగనివారు కారు. రాజా దీన్ దయాళు 1892లో హైదరాబాదున స్త్రీలకై ప్రత్యేకముగా జనానా స్టూడియోను నెలకొల్పి, దాని భారమును కెన్నీ-లెవిక్ దొరసానికి అప్పగించెను. పరదాలోని స్త్రీలు సంకోచము లేక చిత్రము తీయించుకొనుటకు అది యేర్పాటు. అంగడికి వచ్చిన పరులకు చూపిన గౌరవము ఇంటివారికి తక్కువ కావలెనా?

ఇంటివారిని చిత్రింపనేకూడదని మేము చెప్పము. ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ తన భార్యను, కుమార్తెలైన అమృతను, ఇందిరను అనేక సంవత్సరములు చిత్రించెను. తననుతాను సైతము కెమేరా యెదుట నిలుపుకొనెను. చిత్రకారిణి అమృత బాల్యమును మనము నేడు కన్నులార చూడగలుగుట ఆ తండ్రి చలువయే. అమెరికాలో సాలీ మాన్ తన ముగ్గురు బిడ్డల చిత్రములను 1992లో పుస్తకముగా ప్రకటించెను. కొన్నింటిలో బిడ్డలు దిగంబరులగుటచే గొప్ప వివాదము పుట్టెను. బిడ్డల యిష్టమును కనుగొంటినని తల్లి చెప్పెను. అయినను, తల్లిని సంతోషపెట్టగోరు పసిబిడ్డ "సరే" యనిన, అది నిజమైన సమ్మతియగునా?

చట్టము కొంతవరకే తోడ్పడును. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక బిడ్డకును ఆంతరంగిక జీవితము కలదనెను. మన దేశము 1992లో దానియందు చేరెను. 2017లో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా నిర్ణయించెను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టము పదునెనిమిదేండ్లలోపు వారి విషయమున తల్లిదండ్రుల సమ్మతిని కోరుచున్నది. కాని చిత్రము తీయువాడే తండ్రియైనప్పుడు అడుగువాడును, ఒప్పుకొనువాడును ఒక్కడే గదా! అక్కడ చట్టము ఆగును, ధర్మము మొదలగును.

ఈ ధర్మము వృత్తివారికి మాత్రమే కాదు. సాయంకాలమున మన రామకృష్ణా బీచికి పోయి చూడుడు. డాల్ఫిన్సు నోసు వెనుక కనబడునట్లు బిడ్డను నిలిపి, నవ్వుమని గద్దించు తండ్రులెందరు! ఆ చిత్రము బిడ్డ యింటికి చేరకముందే నూరుమంది చేతులలో నుండును. విద్యార్థులారా, మీరును నిర్దోషులు కారు. నోరు తెరచి నిద్రించు నాయనమ్మను చిత్రించి స్నేహితులకు పంపి నవ్వుటయు నిట్టిదే.

కావున మా మనవి యిది. తీయుటకు ముందడుగుడు, పదిమందికి చూపుటకు ముందు మరల నడుగుడు. రోగము, ఏడుపు, నగ్నత్వము ఇంటి గడప దాటరాదు. బిడ్డ పెద్దయై "తీసివేయు"మన్న, కారణమడుగక తీసివేయుడు. ఈ సంచికలో అచ్చగు తరగతి చిత్రములకును మేమీ నియమమునే పాటింపవలెనని యధికారులను కోరుచున్నాము.

పైన చెప్పిన తండ్రి కొంతకాలమునకు ఆ చిత్రమును కుమార్తె చేతికిచ్చి, "దీనిని ఏమి చేయవలయునో నీవే చెప్పు"మనెను. ఆమె దానిని చింపలేదు. తన పెట్టెలో దాచుకొనెను. అడిగియుండిన, బహుశః మొదటనే యిచ్చియుండునేమో!