మొహమాటం వద్దు, జాప్యమూ వద్దు

పట్నంలో ఇంటర్నెట్ ఒక గంట ఆగితే గగ్గోలు పుడుతుంది. పల్లెలో వారం రోజులు ఆగినా అడిగే నాథుడు లేడు. కుప్పం - పలమనేరు రోడ్డు మీది శాంతిపురం వంటి మండలాలలో ఇంటింటికీ ఇంటర్నెట్ తీగ వచ్చిందని సంతోషించేలోగానే, ఆ తీగ చెడితే బాగుచేసేవారు ఎప్పుడు వస్తారో తెలియని స్థితి కూడా దాని వెంటే వచ్చింది. ‘రేపు వస్తానన్నా’ అన్న మాట ఒకటి, రెండు, మూడు రోజులు గడిచి వారం అవుతుంది. నెల తిరిగేసరికి బిల్లు మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం కాదు. ఇది ఏ ఒక్క ఊరి సమస్యా కాదు, ఏ ఒక్క కంపెనీ సమస్యా కాదు. ఈ జాప్యాన్ని తలరాతగా భావించి సరిపెట్టుకోవడం మాత్రం సబబు కాదు.

ఒకప్పుడు ఇంటర్నెట్ వినోదం కోసమని అనుకునేవారు. ఆ రోజులు పోయాయి. 2020లో కరోనా వచ్చినప్పుడు బెంగుళూరు కంపెనీలలో పనిచేసే యువకులు ఎందరో సొంత ఊళ్లకు వచ్చి ఇంటి నుంచే ఉద్యోగం చేశారు. నేటికీ కొందరు అలాగే చేస్తున్నారు. అటువంటివారికి రెండు రోజులు లైను లేకపోతే సెలవు పెట్టవలసిందే, లేదా బస్సెక్కవలసిందే. కళాశాలలో చేరవలసిన అమ్మాయికి దరఖాస్తు గడువు ఆగదు. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో అనేక సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. ఆఫీసుల చుట్టూ తిరిగే పని తగ్గిందన్న మాట నిజమే గాని, చేతిలోని ఫోనుకు ఇంటర్నెట్ ఉన్నవారికే ఆ సౌకర్యం. దేశంలో బ్రాడ్‌బ్యాండు చందాదారులు 2024 నాటికి 90 కోట్లకు పైబడినా, ఇంటికి తీగ ఉన్నవారు ఐదు కోట్లకు లోపే. మిగిలినవారందరూ సెల్‌ఫోను సిగ్నల్ మీదనే ఆధారపడి ఉన్నారు. గుట్టల నడుమ ఉన్న పల్లెలలో ఆ సిగ్నల్ ఎంత నిలకడగా ఉంటుందో అక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. అందుకే ఇంటి తీగ అంత అవసరమైనది.

కుప్పం ప్రాంతానికి ఈ విద్య కొత్త కాదు. 2002లోనే హ్యూలెట్ - ప్యాకార్డ్ అనే అమెరికా కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఇక్కడ ‘ఐ-కమ్యూనిటీ’ పథకాన్ని మొదలుపెట్టింది. గ్రామాలలో సమాచార కేంద్రాలు తెరిచారు. మహిళలకు డిజిటల్ కెమెరాలు ఇచ్చి ఫొటోలు తీసి సంపాదించుకునే మార్గం చూపారు. మూడేళ్ల గడువు ముగిశాక ఆ కంపెనీ తప్పుకుంది. ఆ తరువాత 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా వేల కిలోమీటర్ల తీగ లాగి, స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారా ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ కలిపి నెలకు 149 రూపాయలకు ఇస్తామని అప్పట్లో ప్రకటించారు. కేంద్ర ప్రభుత్వం 2011లో ఆమోదించి, తరువాత భారత్‌నెట్‌గా పేరు మార్చిన పథకం ప్రతి పంచాయతీకి తీగ చేర్చడానికి ఉద్దేశించినది. 2023 ఆగస్టులో దానికి 1,39,579 కోట్ల రూపాయలతో కొత్త రూపం ఇచ్చినప్పుడు, పదేళ్ల నిర్వహణ ఖర్చును కూడా అందులో చేర్చారు. తీగ లాగడం ఒక ఎత్తు, లాగిన తీగను నిలబెట్టడం మరొక ఎత్తు అన్న సంగతి ఇన్నాళ్లకు గుర్తించారన్నమాట.

జాప్యం ఎందుకు జరుగుతున్నదో కూడా తెలుసుకోవలసి ఉంది. ఇంటికి వచ్చే ఫైబర్ తీగలో ఉన్నది వెంట్రుక వంటి సన్నని గాజు పోగు. అందులో ప్రయాణించేది కరెంటు కాదు, వెలుగు. గడ్డి లోడు లారీ తగిలినా, గాలికి చింతకొమ్మ విరిగి పడినా, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు స్తంభం మార్చినా ఆ పోగు తెగుతుంది. రాగి తీగ మాదిరిగా మెలిపెట్టి టేపు చుడితే సరిపోదు. దానికి ప్రత్యేకమైన యంత్రం కావాలి, పని తెలిసిన మనిషి కావాలి. ఒక్క మనిషి, ఒక్క యంత్రం పది ఊళ్లకు తిరగవలసి వచ్చినప్పుడు ‘రేపు’ అన్న మాట తప్పదు. కాబట్టి ఇంటికి వచ్చే లైన్‌మన్ కుర్రవాని మీద కేకలు వేసి ప్రయోజనం లేదు. చాలినంత మందిని పెట్టవలసిన బాధ్యత, విడిభాగాలు పంపవలసిన బాధ్యత డబ్బు వసూలు చేసుకునే కంపెనీది. ఆ కంపెనీ ఆ పని చేయనప్పుడు చందాదారుడు చేయగలిగిన పని ఒకటే. కంపెనీని మార్చడం.

ఇక్కడే మొహమాటం అడ్డు వస్తున్నది. కేబుల్ ఆపరేటరు ఊరివాడే. వరుసకు అన్నో, మామో, అల్లుడో అవుతాడు. పెళ్లికి పిలిచినవాడు, పండగకు ఎదురుపడేవాడు. అతని లైను తీసేసి వేరొకరి లైను పెట్టించుకుంటే ముఖం చాటేసినట్లవుతుందని చాలామంది జంకుతారు. కానీ ఇదే ఊళ్లో రైతు పాల లెక్కలో తేడా వస్తే మరుసటి పూట క్యాను మరొక కేంద్రానికి పంపడం లేదా? చాకీ పురుగులు సమయానికి రాక మల్బరీ ఆకు ముదిరిపోతే, వచ్చే పంటకు వేరే చాకీ కేంద్రంలో చెప్పుకోవడం లేదా? దానిని ఎవరూ తగాదాగా భావించరు. వ్యాపారం వ్యాపారమే, బంధుత్వం బంధుత్వమే. ఇంటర్నెట్ విషయంలోనూ ఆ మాత్రం పట్టుదల చూపడం తప్పు కాదు. నిజానికి చెప్పకుండా లోలోపల నొచ్చుకోవడం కంటే, ‘పని జరగడం లేదు, అందుకే మారుస్తున్నాను’ అని ముఖాన చెప్పడమే ఆ ఆపరేటరుకు మేలు. తన కంపెనీని గట్టిగా అడగడానికి అతనికీ ఒక ఆధారం దొరుకుతుంది.

అయితే మార్చేముందు ఫిర్యాదు చేయడం అవసరం. ఫోనులో లైన్‌మన్‌తో చెప్పిన మాట ఫిర్యాదు కిందికి రాదు. కంపెనీ వారి ఫిర్యాదు కేంద్రానికి చెప్పి, వారిచ్చే నంబరును తేదీతో సహా రాసి పెట్టుకోవాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో చేసిన నిబంధనల ప్రకారం, ఆ ఫిర్యాదు తీరకపోతే కంపెనీలోనే ఉండే అప్పీలు అధికారికి రాసుకోవచ్చు. దానికి రుసుము లేదు, 39 రోజులలో తేల్చాలి. బ్రాడ్‌బ్యాండు సేవల నాణ్యతపై ట్రాయ్ 2006లోనే నిబంధనలు చేసింది. మూడు పనిదినాలు దాటినా లైను బాగు కాకపోతే నెల అద్దెలో కొంత తగ్గించాలనీ, పదిహేను పనిదినాలు దాటితే నెల అద్దె మొత్తం వదులుకోవాలనీ వాటిలో ఉంది. వాటి స్థానంలో 2024 అక్టోబరు 1 నుంచి కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి. చాలా చిన్న కంపెనీలకు కొన్ని మినహాయింపులు ఉన్నందున, తమ కంపెనీ ఏ కోవలోకి వస్తుందో చేరేటప్పుడే అడగడం మంచిది. ట్రాయ్ నేరుగా ఒక్కొక్కరి ఫిర్యాదునూ విచారించదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

అప్పటికీ న్యాయం జరగకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. టెలికాం వివాదాలు వినియోగదారుల కోర్టు పరిధిలోకి రావన్న వాదనను సుప్రీం కోర్టు 2022 ఫిబ్రవరి 16న తోసిపుచ్చింది. 2019 చట్టం ప్రకారం కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా, ఫిర్యాదుదారుడు తాను నివసించే జిల్లాలోనే దావా వేసుకోవచ్చు. ఐదు లక్షల రూపాయల లోపు విలువకు రుసుము కూడా లేదు. కొన్ని వందల రూపాయల కోసం అంత దూరం ఎవరు పోతారని కంపెనీలు ధీమాగా ఉంటాయి. ఊరికి ఒక్కరు పోయినా ఆ ధీమా సడలుతుంది.

సెల్‌ఫోను విషయంలో కంపెనీ మారడం సులువైపోయింది. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు మారకుండానే కంపెనీ మారే సౌకర్యం వచ్చింది. 1900కు ఒక మెసేజి పంపితే కోడు వస్తుంది, ఒకే సర్కిలులో అయితే మూడు పనిదినాలలో పని పూర్తవుతుంది. ఇంటి బ్రాడ్‌బ్యాండుకు ఆ ఏర్పాటు లేదు. పాతదాన్ని మూసుకోవడం, కొత్తదాన్ని తెచ్చుకోవడం రెండూ చందాదారుడే చూసుకోవాలి. బ్రిటన్‌లో 2024 సెప్టెంబరు 12 నుంచి కొత్త పద్ధతి అమలు చేస్తున్నారు. కొత్త కంపెనీకి ఒక్కసారి చెబితే చాలు, పాత కంపెనీతో మాట్లాడే పని కూడా వారిదే. బాగుచేత ఆలస్యమైతే అడగకుండానే నష్టపరిహారం జమచేసే ఏర్పాటు అక్కడ 2019 నుంచే ఉంది. ఇటువంటి విధానాన్ని మన దేశంలోనూ ప్రవేశపెట్టడం ఎంతైనా అవసరం.

అది వచ్చేవరకు చందాదారులు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. కొత్త లైను వచ్చి, పని చేస్తున్నదని రూఢి అయ్యేవరకు పాత లైను తీసేయకూడదు. పది, పదిహేను రోజులు రెండింటికీ డబ్బు కట్టవలసి వచ్చినా అది నష్టం కాదు. కొత్త కంపెనీ గురించి దాని ఏజెంటును అడిగి లాభం లేదు. అదే వీధిలో ఆ లైను ఉన్న ఇంటికి రాత్రి ఎనిమిది గంటలకు వెళ్లి చూడాలి. అందరూ వాడే ఆ వేళలో సరిగ్గా నడిస్తే మిగతా వేళలలో ఇబ్బంది ఉండదు. గత వానాకాలంలో ఎన్నిసార్లు తెగింది, ఎన్నాళ్లకు బాగుచేశారు అని ఆ ఇంటివారినే అడగాలి. ఏడాది డబ్బు ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామన్న మాటకు ఆశపడకూడదు. ముందుగా నెల వంతున కట్టి చూడాలి. సంవత్సరం డబ్బు చేతికి వచ్చాక ‘రేపు వస్తా’ననడం ఎవరికైనా సులువే.

మరొక ముఖ్యమైన సంగతి. పేర్లు రెండైనా తీగ ఒకటే కావచ్చు. రెండు కంపెనీల లైన్లను ఒకే ఆపరేటరు నడుపుతున్నా, రెండూ ఒకే స్తంభాల మీదుగా వస్తున్నా, ఒకటి తెగినప్పుడు రెండోదీ తెగుతుంది, బాగుచేసేదీ ఆ మనిషే. అటువంటప్పుడు కంపెనీ మార్చడం వల్ల పేరు మారుతుంది గాని జాతకం మారదు. తీగ ఏ దారిన వస్తున్నదో, బాగుచేసే మనుషులు ఎవరో విచారించి మరీ మారాలి.

పాత లైను మూసేటప్పుడు నోటి మాట చాలదు. తేదీ వేసి రాతపూర్వకంగా ఇవ్వాలి, లేదా మెసేజి పంపాలి. ఇంట్లో పెట్టిన వైఫై బాక్సు కంపెనీదైతే అప్పగించి రశీదు తీసుకోవాలి. రశీదు లేని బాక్సుకు తరువాత బిల్లు వచ్చే అవకాశం ఉంది. డిపాజిట్టు కట్టి ఉంటే తిరిగి అడగాలి. దాన్ని ఇన్ని రోజులలో వాపసు చేయాలన్న నిబంధన 2006 నుంచీ ఉన్నదే.

అయితే ఒకే ఒక్క లైను వచ్చిన ఊళ్లలో మార్చుకునే హక్కు కాగితం మీది హక్కుగానే మిగిలిపోతున్నది. మండల కేంద్రంలో రెండు, మూడు కంపెనీలు పోటీ పడవచ్చు. రోడ్డుకు దూరంగా ముప్పై గడపలున్న పల్లెకు రెండో కంపెనీ తీగ లాగదు. ఖర్చుకు తగిన రాబడి లేదన్నది వారి లెక్క. అటువంటి చోట ఒక్కొక్కరుగా అడిగితే వినేవారుండరు. ఊరంతా కలిసి అడగాలి. చెడిపోయిన తేదీ, బాగుచేసిన తేదీ ఒక పుస్తకంలో రాసి పెట్టే పని ఎవరో ఒకరు చేపడితే, ఆరు నెలలకు అదే గట్టి సాక్ష్యమవుతుంది. గ్రామసభలో ఆ లెక్కను చదివి, తీర్మానం చేసి పై అధికారులకు పంపితే కాదనడం కష్టం.

ప్రభుత్వ బాధ్యత కూడా తక్కువది కాదు. సేవలన్నిటినీ ఫోనులోకి తెచ్చినప్పుడు, ఆ ఫోనుకు ఇంటర్నెట్ అందించే తీగ బాగోగులు కూడా చూడాలి. పంచాయతీ వరకు వచ్చిన ప్రభుత్వ తీగను మారుమూల పల్లెల వరకు పొడిగించి, ఏ ఆపరేటరైనా వాడుకునే వీలు కల్పిస్తే పోటీ దానంతట అదే వస్తుంది. కరెంటు, రోడ్ల శాఖలవారు స్తంభాలు మార్చేముందు, గోతులు తవ్వేముందు కేబుల్ వారికి ఒక మాట చెప్పే ఏర్పాటు చేస్తే సగం తెగుళ్లు తగ్గుతాయి. దీనికి కోట్లు అక్కరలేదు, కొంచెం శ్రద్ధ చాలు.

ఒక తరం కిందట ఇంటికి ఫోను కావాలని దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు. అప్పుడు ఇచ్చేది ఒక్క ప్రభుత్వమే కనుక ఎదురుచూడటం తప్ప మరో మార్గం లేదు. నేడు మరో మార్గం ఉన్నచోట కూడా మొహమాటంతో, బద్ధకంతో ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ తప్పు కంపెనీ ఒక్కదానిదే కాదు. చందాదారుడు లేచి పోతాడన్న భయం ఉన్నప్పుడే కంపెనీ సమయానికి వస్తుంది. ఆ భయాన్ని పుట్టించగలిగినవారు పల్లె ప్రజలే.