గల్లాపెట్టె దగ్గర మనిషే ఉండాలి

బెంగళూరు, చెన్నై వంటి నగరాల్లో కొన్ని పెద్ద దుకాణాలు కొత్త మర్యాద ఒకటి మొదలుపెట్టాయి. సరుకు మనమే ఏరుకోవాలి. యంత్రానికి మనమే చూపించాలి. బిల్లు మనమే వేసుకుని, డబ్బు మనమే కట్టి, సంచీలో మనమే సర్దుకుని బయటపడాలి. దీనికి స్వయంసేవ అని పేరు. సేవ మనది, లాభం వాళ్లది! ఇదే నాగరికత అనీ, కాదన్నవాడు పాతకాలపు మనిషనీ చెప్పేవాళ్లకు కొదువ లేదు. ఆ పాతకాలపు మనుషుల తరఫునే ఈ నాలుగు మాటలు.

ఈ కథకు వందేళ్లు దాటాయి. 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో పిగ్లీ విగ్లీ అనే దుకాణం తెరిచారు. అంతకుముందు చీటీ ఇస్తే గుమాస్తా సరుకు తీసి కట్టి ఇచ్చేవాడు. అక్కడ మాత్రం కొనేవాడే బుట్ట పట్టుకుని అరల మధ్య తిరగాలి. అలా గుమాస్తా పని సగం కొనేవాడి నెత్తికెక్కింది. మిగిలిన సగం ఇప్పుడు ఎక్కుతోంది. పని మనం చేసినందుకు బిల్లులో రూపాయి తగ్గుతుందా? మన ఊరి అంగడిలో కొసరు అనేది ఒకటుండేది. గుప్పెడు కరివేపాకో, బిడ్డ చేతికి బెల్లం ముక్కో. యంత్రానికి లెక్క తెలుసు గాని కొసరు తెలియదు.

క్యూలో నిలబడే బాధ తప్పుతుంది కదా అంటారు. పది కౌంటర్లు కట్టి మూడింటిలోనే మనుషులను కూర్చోబెడితే క్యూ పెరగక ఏమవుతుంది? అది మనిషి నెమ్మది వల్ల వచ్చిన క్యూ కాదు, యజమాని పొదుపు వల్ల వచ్చిన క్యూ. ఇక, బిల్లు వేసే ఉద్యోగం గొడ్డుచాకిరీ, పోతే పోనివ్వండి అనేవారూ ఉన్నారు. చాకిరీ కష్టమైనదే. అందుకే తమిళనాడు ప్రభుత్వం 2021లో చట్టం సవరించి, దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునేందుకు ఆసనం తప్పనిసరి చేసింది. పొద్దస్తమానం నిలబడి కాళ్లు వాచిన ఆడపిల్లలకు చట్టం కుర్చీ ఇచ్చింది. ఇప్పుడు యంత్రం వచ్చి, కుర్చీని ఉంచి మనిషిని లేపేస్తానంటోంది. కష్టాన్ని తగ్గించడం వేరు, కష్టపడేవాడినే తీసెయ్యడం వేరు.

ముందుగా ఈ దారి పట్టినవాళ్లలోనే కొందరు వెనక్కి తిరుగుతున్నారు. ఉత్తర ఇంగ్లాండులోని బూత్స్ అనే సంస్థ తన 28 దుకాణాల్లో రెండింట తప్ప ఈ యంత్రాలను తొలగిస్తున్నట్టు 2023 నవంబరులో ప్రకటించింది. నెదర్లాండ్స్‌లో యుంబో అనే సంస్థ 2019లో ఏకంగా కబుర్ల కౌంటరు తెరిచింది. తొందర లేనివారు, పలకరించే దిక్కులేని ముసలివారు అక్కడ తీరిగ్గా మాట్లాడుతూ బిల్లు కట్టవచ్చు. మన అంగళ్లలో బోర్డు కట్టకుండానే జరిగే పనిని వాళ్లు పథకం వేసి తెచ్చుకోవలసి వచ్చింది.

ఇంతవరకూ అందరి గోడు. ఇకపైన మన గోడు. బరంపురం 1936లో ఒడిశాలో చేరింది. బళ్ళారి 1953లో మైసూరు రాష్ట్రంలో చేరింది. గీతలు కాగితం మీద పడ్డాయి, నాలుకల మీద పడలేదు. యానాంలో తెలుగుకు అధికార గుర్తింపు ఉంది. తక్కిన మనలో చాలామందికి సర్కారు బోర్డు మీద చోటు లేదు. బ్యాంకుల్లో త్రిభాషా సూత్రమంటే ఇంగ్లీషు, హిందీ, ఆ రాష్ట్రపు భాష. ఆ భాషలు మనకు పరాయివేమీ కావు, తరతరాలుగా వాటి నీడనే బతికాం. కాని మన భాషకు వీధిలో మిగిలిన చోటు ఏది? ఎదురుగా ఉన్న మనిషి నోరు. అంతే. హోసూరు అంగడిలో బిల్లు వేసే అమ్మాయి తమిళంలో మొదలుపెట్టి, అవ్వ ముఖం చూసి తెలుగులోకి దిగుతుంది. ఏ చట్టం చెబితే దిగింది? సోలాపురం నేతగాళ్ల పేటలో మరాఠీ పద్దు మధ్య తెలుగు లెక్క దొర్లుతుంది. ఏ సర్క్యులరు వస్తే దొర్లింది? మనిషి ముఖం చూసి భాష మారుస్తాడు. యంత్రం తనలో పెట్టిన భాషలోకే మనల్ని మారమంటుంది.

యంత్రంలోనే తెలుగు పెట్టమందాం అని కొందరు యువకులు అనవచ్చు. పెట్టించండి, సంతోషం. కాని మీట మీది తెలుగుకు మనం జవాబు చెప్పలేం. ‘మీ పెద్దమ్మాయికి నెలలు నిండాయా?’ అని ఆ మీట అడగదు. పైగా ఆ తెలుగు పత్రికల తెలుగై ఉంటుందే గాని హోసూరు యాస, బరంపురం పలుకు అందులో ఉండవు.

యంత్రాలను పగలగొట్టమనడం లేదు. తొందర ఉన్నవారికి అవి ఉండనివ్వండి. అడగవలసినవి రెండే. యంత్రం పెట్టిన ప్రతి దుకాణంలోనూ, తెరిచి ఉన్నంత సేపూ, నోట్లూ చిల్లరా పుచ్చుకునే మనిషి ఒకరైనా గల్లాపెట్టె దగ్గర ఉండాలి. మనవాళ్లు ఎక్కువగా ఉన్న పేటల్లో ఆ మనిషికి రాష్ట్రపు భాషతో పాటు తెలుగు కూడా వచ్చి ఉండాలి. దీన్ని దుకాణదారుడి దగ్గరా, వర్తక సంఘాల దగ్గరా పదేపదే అడగాలి.

మూడోది మనల్ని మనం అడుక్కోవలసింది. తెలుగు వచ్చిన అమ్మాయి ఎదురుగా ఉన్నా ఇంగ్లీషులో బిల్లు అడిగే చదువుకున్న కొడుకులు మన ఇళ్లలో తక్కువేం లేరు. అలాంటివాడికి మనిషైనా ఒకటే, యంత్రమైనా ఒకటే. నోరు మంచిదైతే ఊరు మంచిది అన్నారు పెద్దలు. ముందు నోరు విప్పాలి కదా! ఈ నెల సరుకులకు వెళ్లినప్పుడు యంత్రాన్ని దాటి రెండడుగులు వెయ్యండి. మనిషి ఉన్న క్యూలో నిలబడండి. మీ వంతు రాగానే మొదటి మాట తెలుగులో అనండి.