బర్డ్ ఫ్లూ: ప్రమాదమెవరికి?

1997లో హాంకాంగులో హెచ్5ఎన్1 వైరస్ 18 మందికి సోకి ఆరుగురిని బలిగొన్నది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లాలో రెండేళ్ల పసిబిడ్డ ఈ వ్యాధితోనే కన్నుమూసింది.

అయినను మనం భయపడవలసిన చోట భయపడక, అక్కరలేని చోట భయపడుతున్నాము. 70 డిగ్రీల వేడికి ఈ వైరస్ నశిస్తుంది. బాగా ఉడికిన కోడికూర వలన హాని లేదు. మనిషి నుండి మనిషికి ఇది సులభంగా వ్యాపించదు. జబ్బుపడిన కోడిని పట్టి, కోసి, ఈకలు పెరికే చేతులకే అధిక ప్రమాదం. ఆ చేతులు మన విద్యార్థులలో పలువురి తండ్రులవి, అన్నలవి. తినేవాడు కొన్నాళ్లు కోడిమాంసం మానుకోగలడు. కోసేవాడు తన వృత్తిని మానుకోలేడు.

కనుక చేతితొడుగులు, మాస్కు ధరించాలనీ, సబ్బుతో చేతులు కడగాలనీ, కోళ్లు మూకుమ్మడిగా చనిపోతే దాచక పశువైద్యునికి తెలపాలనీ ఇంటివారికి బోధించడం మన విద్యార్థుల కర్తవ్యం.