బియ్యం గింజకి పరీక్ష పెడితే నిజం తెలుస్తుందా?

సాంబమసూరి అంటే తెలుగింటి అన్నం. బాపట్లలో పుట్టి 1986లో రైతు చేతికొచ్చిన ఆ వంగడాన్ని కొందరు ‘బీపీటీ’ అంటారు, కొందరు పేరైనా అడక్కుండా సన్నబియ్యం అని కొనుక్కుంటారు. ఆ సాంబమసూరి నుంచే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ ఓ కొత్త వంగడాన్ని తయారుచేసింది. అసలు పేరు డీఆర్ఆర్ ధాన్ 100, ముద్దుపేరు ‘కమల’. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి దీన్ని ప్రకటించారు. దిగుబడి 19 శాతం పెరుగుతుందని, పంట ఇరవై రోజులు ముందే చేతికొస్తుందని చెప్పారు. రైతుకి మేలు జరిగితే సంతోషమే. కానీ వండి వార్చే మనకీ ఓ ప్రశ్న ఉంది. రేపు కొట్లో బస్తా ముందు నిలబడితే, ఇది పాత సాంబమసూరో, కొత్త కమలో ఎలా తెలుస్తుంది?

లేబొరేటరీకి పంపితే తెలిసిపోదూ, అంటారేమో. అక్కడే ఉంది చిక్కంతా.

ప్రతి మొక్క కణంలోనూ డీఎన్ఏ ఉంటుంది. నాలుగే అక్షరాలతో రాసిన పెద్ద పుస్తకం అనుకోండి. వరి పుస్తకంలో దాదాపు నలభై కోట్ల అక్షరాలున్నాయి. 2005 నాటికి దాన్ని చదివి వెల్లడించిన అంతర్జాతీయ బృందంలో మన దేశమూ ఉంది. జన్యుమార్పిడి పంట అంటే ఆ పుస్తకంలోకి వేరే పుస్తకంలోని పేజీ తెచ్చి అతికించడం. 2002లో మన దేశంలో అనుమతి పొందిన బీటీ పత్తిలో అలా చేర్చింది మట్టిలో బతికే ఓ బాక్టీరియా జన్యువుని. ఆ పేజీ పనిచేయడానికి చాలా పంటల్లో కాలీఫ్లవర్‌కి తెగులు తెచ్చే ఓ వైరస్ ముక్కని కూడా జత చేస్తారు. పరీక్ష చేసేవాళ్లు వెతికేది ఇలాంటి ముక్కల కోసమే. దొరికిన ముక్కకి కోట్ల నకళ్లు తీసి చూపించే పద్ధతి పేరు పీసీఆర్. కోవిడ్ రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేసింది ఈ జాతి పరీక్షే.

దీని సత్తా తక్కువేం కాదు. 2000లో అమెరికాలో, మనుషుల తిండికి అనుమతి లేని స్టార్‌లింక్ అనే మొక్కజొన్న టాకో రొట్టెల్లో కలిసిందని బయటపెట్టింది డీఎన్ఏ పరీక్షే. వందల రకాల సరుకుల్ని దుకాణాల నుంచి వెనక్కి తెప్పించారు. మన దగ్గర 2018లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 65 ఆహార పదార్థాలని పరీక్ష చేయిస్తే, 32 శాతంలో జన్యుమార్పిడి ఆనవాళ్లు కనిపించాయి. ఎక్కువభాగం దిగుమతి సరుకే. వాటిలో పసిపిల్లల ఆహారమూ ఉంది, ఇక్కడ తయారైన పత్తిగింజల నూనే ఉంది.

అయితే ఈ పరీక్షకి హద్దులున్నాయి. నూనెని బాగా శుద్ధిచేస్తే అందులో డీఎన్ఏ దాదాపు మిగలదు. అప్పుడు ఏ గింజ నుంచి తీశారో నూనె చుక్క చెప్పలేకపోవచ్చు. అంతకంటే పెద్ద హద్దు, దేన్ని వెతకాలో ముందే తెలిసి ఉండటం.

కమలలో పరాయి పేజీ లేదు. గింజల సంఖ్యని అదుపులో పెట్టే జన్యువులో ఉన్న అక్షరాలనే సవరించారు. కాబట్టి వైరస్ ముక్క కోసం వెతికితే ఏమీ దొరకదు. పోనీ, పుస్తకం మొత్తం అక్షరం అక్షరం చదివే సీక్వెన్సింగ్ చేయిస్తే? మార్పు కనిపిస్తుంది. కానీ అది శాస్త్రవేత్త చేశాడో, ప్రకృతే చేసిందో చెప్పడం కష్టం. పొలంలో పెరిగే వరిలోనూ అక్షరాలు తారుమారవుతూనే ఉంటాయి మరి. ఏ చోట ఏ అక్షరం సవరించారో తయారుచేసినవాళ్లు చెబితేనే, ఆ గుర్తుని పట్టుకుని ‘ఇది కమల’ అనగలం.

ప్రకృతిలో జరిగేదే కదా, ఇంక భయమెందుకు, దాచడమెందుకు అనే మాటెందుకు అని శాస్త్రవేత్తలు అడగొచ్చు. 2022 మార్చిలో కేంద్రం పరాయి జన్యువు లేని ఇలాంటి పంటలకి జన్యుమార్పిడి నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది కూడా అందుకే. తింటే ఏదో అయిపోతుందని మనమూ అనడం లేదు. ఏం కొంటున్నామో తెలియాలంటున్నాం, అంతే. ఇంటిల్లిపాదికీ వడ్డించేవాళ్లకి ఆమాత్రం అడిగే హక్కు లేదా?

పొట్లం మీది ఆకుపచ్చ చుక్కనే చూడండి. బిస్కెట్‌లో గుడ్డు కలిసిందో లేదో మనం ఇంట్లో పరీక్షించుకోలేం. తయారుచేసినవాడు చెప్పి తీరాలని చట్టం ఉంది కాబట్టి చుక్క చూసి నమ్ముతున్నాం. జన్యుమార్పిడి ఆహారం పొట్లం మీదా ‘జీఎం’ అని ముద్రించాలని 2013 జనవరి నుంచి నిబంధన తెచ్చారు. ఆ రెండక్షరాలు మీ వంటింట్లో ఏ డబ్బా మీదైనా కనిపించాయా? 2024 జులైలో జన్యుమార్పిడి ఆవాల కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ అనుమతి విషయంలో చెరో మాట చెప్పినా, దిగుమతి చేసుకునే జన్యుమార్పిడి ఆహారం, ముఖ్యంగా వంటనూనెలు, లేబుల్ చట్టాన్ని పాటించాలని మాత్రం చెప్పారు.

కాబట్టి అడగాల్సింది యంత్రాలని కాదు, ప్రభుత్వాన్ని. సవరించిన ప్రతి వంగడంలో ఏ అక్షరాలు మార్చారో అందరికీ అందుబాటులో పెట్టాలి. పోల్చి చూసుకోవడానికి దాని విత్తనాన్ని భద్రపరచాలి. విత్తనం సంచి నుంచి బియ్యం బస్తా దాకా పేరు మారకుండా రావాలి. కమల విత్తనం ఊరూరా చేరాక ఇవన్నీ మొదలుపెడితే, అప్పటికే మిల్లుల్లో కలిసిపోయిన బియ్యాన్ని ఎవరూ విడదీయలేరు. వినియోగదారుల సంఘాలూ, మహిళా సంఘాలూ ఈ మాట ఇప్పుడే గట్టిగా అడగాలి.